సైట్ల మీద మన పిల్లలెందుకు లేరు? పని రాకనా, కూలి చాలకనా?

బిల్డర్_కూకట్‌పల్లి: నిరుద్యోగం గురించి రోజూ వింటున్నాం. నా సైట్‌లో సెంట్రింగ్, రాడ్ బెండింగ్, టైల్స్ అన్నీ బిహార్, ఒడిశా, జార్ఖండ్ వాళ్లే చేస్తున్నారు. మన కుర్రాళ్లకి డ్రాయింగ్ చూసి రాడ్డు ఎక్కడ వంచాలో తెలీదు, నేర్చుకోవాలనీ ఉండదు. ఉద్యోగాలకేం కొరత లేదు, పనితనానికే కొరత. కాదనేవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు: ముందు నిరుద్యోగి అంటే ఎవరో తేల్చుకోండి. కేంద్రం చేసే ఉపాధి సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్)లో 2023-24కి నిరుద్యోగం 3.2 శాతమే. 15-29 ఏళ్ల వాళ్లను విడిగా చూస్తే 10.2. ఆ సర్వేలో ఏడాదికి 30 రోజులు ఏదో ఒక పని చేసినా ఉపాధి ఉన్నట్టే రాసుకుంటారు. బీటెక్ చదివి నాన్న కిరాణా కొట్లో జీతం లేకుండా సరుకులు కట్టేవాడు కూడా ఉపాధి ఉన్నవాడే.

సిక్కోలు_కుర్రోడు: మా ఉద్దానం నుంచి గల్ఫ్ దాకా వెల్డింగ్‌కి వెళ్తన్నారు. పని రానోళ్లయితే అక్కడ ఎవులు చేస్తన్నారండి?

పాలమూరు_బిడ్డ: మా తాతలు నాగార్జునసాగర్ కాడికెళ్లి దేశంల ఎన్నో ప్రాజెక్టుల మీద మట్టి మోసిన్రు, రాళ్లు కొట్టిన్రు. ఆళ్లకు ఏ సర్టిఫికెట్ ఉండె? నేను ఐటీఐ ఫిట్టర్ చేసిన. ఒక ఫ్యాక్టరీల కాంట్రాక్ట్ కింద పెట్టుకున్నరు. ఫిట్టర్ అని కార్డు ఇచ్చి, మెషిన్ ముట్టనియ్యకుంట అట్టపెట్టెలు మోయించిన్రు. ఏడాది నిండకముందే తీసేసి కొత్త బ్యాచ్‌ను తెచ్చుకున్నరు. నాకు పని రాదంటే ఎట్ల సార్? చెయ్యనిస్తే గద తెలిసేది.

బిల్డర్_కూకట్‌పల్లి: నేనడిగింది ఫ్యాక్టరీ సంగతి కాదు, సైట్ సంగతి.

లెక్కల_మాస్టారు: 3.2 గురించి మీరింకా ఏమీ చెప్పలేదు.

బిల్డర్_కూకట్‌పల్లి: శాతాలతో స్లాబ్ పడదు మాస్టారూ! నేర్పలేదనుకుంటున్నారా? మన కుర్రాళ్లనే తెచ్చి మేస్త్రీ పక్కన పెట్టి, కూలి ఇస్తూ నేర్పించాను. చెయ్యి తిరిగిందో లేదో, పక్క సైట్‌ వాడు రోజుకి యాభై ఎక్కువిస్తానంటే వెళ్లిపోయారు. నా డబ్బుతో వాడికి పనివాళ్లు తయారయ్యారు. మళ్లీ నేనెందుకు నేర్పాలి? సంక్రాంతికి ఊరెళ్తే ఎప్పుడొస్తారో తెలీదు. ఒడిశా వాళ్లయితే సైట్‌లోనే ఉంటారు, అర్ధరాత్రి కాంక్రీట్ బండి వచ్చినా లేస్తారు.

గుంటూరు_అమ్మ: ఆడపిల్లల మాట ఎవరూ ఎత్తరేం? మా అమ్మాయి సివిల్ డిప్లొమా చేసింది. మీరు లేదంటున్న డ్రాయింగ్ చదవడం దానికి వచ్చు. ఇంటర్వ్యూకి వెళ్తే సైట్‌లో ఆడవాళ్లకి బాత్రూం లేదమ్మా అని పంపించేశారు. నాలుగు చోట్ల తిరిగి మానుకుంది. మాస్టారూ, మీ లెక్కలో మా పిల్ల ఎక్కడుంది?

లెక్కల_మాస్టారు: వెతకడం మానేస్తే నిరుద్యోగుల్లోకి రాదమ్మా. అసలు శ్రామిక శక్తిలోనే, అంటే పని చేసేవాళ్లు, వెతికేవాళ్ల లెక్కలోనే లేనట్టు రాసుకుంటారు. నేను ఇందాకటి నుంచి మొత్తుకుంటున్నది దీని గురించే.

పాలమూరు_బిడ్డ: బిల్డర్ సార్, ఇప్పుడు అసలు ముచ్చట చెప్పిన్రు. మీకు పని వచ్చినోడు కాదు, ఇడిసిపెట్టి పోలేనోడు కావాలె. రేకుల షెడ్డుల ఉండాలె, ఆదివారం అడగొద్దు, యాభై ఎక్కువొస్తే గూడ కదలొద్దు. 2020 మే 1 నాడు, లాక్‌డౌన్‌ల వలస కూలీలను ఇండ్లకు చేర్చెటందుకు దేశంల మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచే జార్ఖండ్‌ల హటియాకు పోయింది. దానికి రెండు రోజుల ముంగట సంగారెడ్డి దగ్గర కంది సైట్ కూలీలు కూలి కోసం, ఇంటికి పంపుమని రోడ్డెక్కిన్రు. ఆళ్లకు ఇల్లు యాదికి రాదనుకున్నరా? మా చిన్నాయిన దుబాయ్‌ల తాపీ పని చేస్తడు. తెలుగోళ్లు మంచిగ చేస్తరని ఆడి ఫోర్‌మన్ మెచ్చుకుంటడట. పాస్‌పోర్ట్ ఆళ్ల బీరువల పెట్టుకుంటే ఎవడన్న మంచిగనే చేస్తడు.

బిల్డర్_కూకట్‌పల్లి: నన్ను బానిసల వ్యాపారిని చేసేస్తున్నారు! ఫ్లాట్ కొనేవాడు చదరపు అడుగుకి వంద తగ్గించమంటాడు, బ్యాంకు వడ్డీ ఆగదు. నెల ఆలస్యమైతే మునిగేది నేను. నేర్పే ఖర్చు ప్రభుత్వం పెట్టుకోనివ్వండి, రేపే మనవాళ్లని పెట్టుకుంటా.

పాలమూరు_బిడ్డ: నేర్పినంక యాభై ఎక్కువ మీరే ఇస్తే ఆళ్లెందుకు పోతరు? దానికి సర్కారెందుకు?

సిక్కోలు_కుర్రోడు: కొట్లాట ఆపండి బాబూ. మా ఊర్నించి రాడ్ బెండింగ్ వచ్చినోళ్లం ఆరుగురం ఉన్నాం, డ్రాయింగ్ కూడా చూస్తాం. రోజుకెంత? ఎనిమిది గంటలు దాటితే ఓటీ కడతారా? వారానికో సెలవుందా? చెప్పండి, వచ్చేస్తాం.

బిల్డర్_కూకట్‌పల్లి: నంబర్ పంపు తమ్ముడూ. కూలి సంగతి విడిగా మాట్లాడుకుందాం.

పాలమూరు_బిడ్డ: విడిగ ఎందుకు సార్? ఈడనే రాయుండ్రి.