చికాగో చలికి మా నాటు కుక్క గడప దాటనంటున్నాడు, ఏం చేయాలి?

బంటి వాళ్ళమ్మ:
మేముండేది చికాగో పక్కన నేపర్‌విల్‌లో. బంటి మన నాటు కుక్కే, పోయిన వేసవిలో విజయవాడ నుంచి మాతో వచ్చాడు, మంచు చూడటం ఇదే మొదలు. తలుపు తీస్తే రెండడుగులు వేసి కాలెత్తి నిలబడిపోతాడు, లాగితే కూర్చుంటాడు. నాలుగున్నరకే చీకటి, నా ఆఫీసు అయ్యేసరికి ఇంకేం తిప్పుతాను? ఇంట్లోనే ఉండి ఉండి కుషన్లు చింపేస్తున్నాడు. బూట్లు వేస్తే పీకేస్తాడు, అమ్మేమో పాదాలకి కొబ్బరి నూనె రాయమంటోంది. రోజూ ఎంతసేపు తిప్పాలండీ? చాలా టెన్షన్‌గా ఉంది.

మిన్నెసోటా మూర్తి:
అది మొండితనం కాదమ్మా, వాడికి నిజంగానే చలి. హస్కీలకి పై బొచ్చు కింద మెత్తగా దట్టంగా ఇంకో పొర ఉంటుంది, మన నాటు కుక్కలకి అంత ఉండదు, పొట్ట దగ్గరైతే చర్మమే కనపడుతుంది. అందుకని వీపు ఒక్కటే కాకుండా ఛాతీ, పొట్ట కూడా కప్పే కోటు కొనండి. 20 ఫారెన్‌హీట్ కంటే, అంటే మన లెక్కలో మైనస్ 7 కంటే తగ్గితే ఒంటికి రెంటికి తీసుకెళ్ళి వెంటనే లోపలికి తెచ్చేయండి. అంతకు పైన ఉంటే పదేసి నిమిషాలు రెండు మూడుసార్లు, వీలైతే లంచ్ టైములో. గడియారం కంటే వాడిని చూడండి, వణికినా, పాదాలు మార్చి మార్చి ఎత్తినా వెనక్కి తిరగడమే.

ఇంకోటి, రోడ్ల మీద చల్లే ఉప్పు వేళ్ళ మధ్య ఇరుక్కుని మండుతుంది, తర్వాత నాకితే వాంతులు. రాగానే గోరువెచ్చని నీళ్ళతో కడిగి పొడిగా తుడవండి. కొబ్బరి నూనె తప్పని కాదు, కానీ మొత్తం నాకేస్తాడు, ఎక్కువైతే విరేచనాలు. బయల్దేరే ముందు పాదాలకి రాసే మైనం దొరుకుతుంది, అది నయం. బూట్లు బెలూన్‌లా ఉండే పల్చటి రబ్బరువి తెచ్చి ముందు ఇంట్లోనే వేయండి, నాలుగడుగులు నడిచాకే అన్నం.

టొరంటో లక్ష్మి:
కుషన్లు చింపుతున్నాడంటే బుర్రకి పని లేదన్నమాట. గిన్నెలో తిండి పెట్టడం మానేయండి అక్కా, పాత తువ్వాల్లో వాడు తినే డాగ్ ఫుడ్ గింజలు చల్లి చుట్టి ముడేసి ఇవ్వండి. బేస్‌మెంట్ ఉంటే చికెన్ ముక్కలు దాచి వెతికించండి, వాసన పట్టి వెతుక్కోవడం ఈ కుక్కలకి పుట్టుకతో వచ్చిన విద్య, కాసేపటికే అలిసిపోతాడు చూడండి. బంతి మాత్రం కార్పెట్ మీదే, నున్నటి నేల మీద జారితే కాళ్ళు బెణుకుతాయి. నడక తగ్గింది కాబట్టి తిండీ కొంచెం తగ్గించాలి.

గ్యారేజ్ గోపి:
యాంటీఫ్రీజ్ సంగతి ఎవరూ చెప్పలేదు! చలికి ఇంజన్‌లో నీళ్ళు గడ్డకట్టకుండా కారులో పోసే ఆ ద్రవంలో ఇథిలిన్ గ్లైకాల్ అనే విషం ఉంటుంది, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, కొంచెం తాగినా కిడ్నీలు పోతాయి. ముందు తూలుతాయి, తర్వాత బాగైపోయినట్టు కనపడతాయి, అక్కడే మనం మోసపోతాం. విరుగుడు ఉంది గానీ మొదటి కొన్ని గంటల్లోనే పడాలి. అనుమానం వస్తే తెల్లారేదాకా ఆగకండి, ఎమర్జెన్సీ వెట్ దగ్గరికి పరుగెత్తండి.

బంటి వాళ్ళమ్మ:
అయ్యో, కారు కింద పచ్చటి చుక్కలు ఉన్నాయి, ఇప్పుడే తుడిచేసి తలుపు మూసేశాను. మా కమ్యూనిటీ చెరువు గడ్డకట్టింది, పిల్లలు దాని మీద నడుస్తున్నారు. బంటిని తీసుకెళ్ళొచ్చా?

మిన్నెసోటా మూర్తి:
వద్దమ్మా. ఐసు ఒకచోట మందంగా ఉంటే పది అడుగుల అవతల పల్చగా ఉంటుంది. చెరువు పక్కన లీష్ వదలకండి, ఒకవేళ వాడు పడినా మీరు దిగకండి, ఒడ్డు నుంచే పిలుస్తూ ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేయండి.