జనవరిలో ఎడ్మంటన్‌కు: విశాఖలో ఏం కొనాలి, ఏం కొనకూడదు

విశాఖ నుంచి:
అందరికీ నమస్కారం. మాది ఎంవీపీ కాలనీ. చదువు కోసం జనవరి మొదటి వారంలో కెనడాలోని ఎడ్మంటన్ వస్తున్నాను. జగదాంబ సెంటర్‌లో మందపాటి ఉన్ని కోటు, తోలు బూట్లు కొందామని నాన్న అంటున్నారు. సరిపోతాయా? నాకు తెలిసిన చలి లంబసింగిదే.

ఎడ్మంటన్ నుంచి:
తమ్ముడూ, మాది మద్దిలపాలెం. ఆ రెండూ అక్కడ కొనవద్దని నాన్నగారికి చెప్పు. లంబసింగిలో సున్నా డిగ్రీల దగ్గర ఒక ఉదయం గడిపి వచ్చేయవచ్చు. ఇక్కడ చలి ముదిరిన రోజుల్లో మైనస్ 25లో కూడా బస్సు కోసం నిలబడాలి.

అందరూ కోటు గురించే అడుగుతారు. నేను బూట్లకే ముందు డబ్బు పెట్టమంటాను. కదలకుండా నిలబడితే గడ్డకట్టిన నేల అరికాళ్ల వేడిని లాగేస్తుంది. పలుచని తోలు అడుగు దాన్ని ఆపలేదు. మందపాటి రబ్బరు అడుగు, లోపల విడిగా తీసి ఆరబెట్టుకునే ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి బట్ట) పొర ఉన్నవి ఇక్కడ దొరుకుతాయి. ఉన్ని మేజోళ్లు వేసుకునే కొలత చూసుకో, వేళ్లు లోపల హాయిగా కదలాలి. బిగుతు బూటులో రెండు జతల మేజోళ్లు ఇరికిస్తే రక్తం సరిగా ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి.

ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు. మన బనీను చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది, ఆ తడే వణికిస్తుంది. మెరినో ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్స్ రెండు మూడు జతలు తెచ్చుకో, ఇవి విశాఖలో కొన్నా ఫరవాలేదు. దానిపై ఫ్లీస్ (మెత్తని నూగుతో ఉండే వెచ్చని బట్ట) స్వెట్టరు, ఆపైన గాలి చొరబడని కోటు. ఉత్త ఉన్ని కోటులోంచి గాలి దూరిపోతుంది. బస్సెక్కగానే జిప్పు తీసేయి, చెమట పట్టనివ్వకు.

థర్మల్స్, స్వెట్టరు, మంకీ క్యాప్, చేతి తొడుగులు విమానంలో నీ దగ్గరుండే సంచిలోనే పెట్టుకో. పెద్ద పెట్టెలు ఒక్కోసారి మర్నాడు వస్తాయి.

ఎడ్మంటన్ నుంచి మరొకరు:
బాబూ, ఒక అక్కగా చెబుతున్నాను, ఇది తేలిగ్గా తీసుకోకు. గాలిని కూడా కలిపి లెక్కకట్టిన చలి మైనస్ 28కి చేరితే, కప్పని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. మన చామనఛాయపై పాలిపోవడం వెంటనే కనబడదు. చెవి, ముక్కు, వేలికొస స్పర్శ కోల్పోతే అదే గుర్తు. రుద్దవద్దు, హీటరుకు ఆనించవద్దు. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. లోపలికి వెళ్లి వేళ్లయితే గోరువెచ్చని నీటిలో ఉంచు, చెవికీ ముక్కుకూ వెచ్చని అరచేయి ఆనించు. తిమ్మిరి వదలకపోయినా, బొబ్బలు లేచినా ఆసుపత్రికి వెళ్లాలి. వేళ్లన్నీ ఒకచోట ఉండే తొడుగులు, విడివిడి వేళ్లవాటికన్నా వెచ్చగా ఉంటాయి.

విమానం తేదీ, వేళ ఇక్కడే రాయి. మా ఇంట్లో అదనంగా ఒక కోటు ఉంది, విమానాశ్రయానికి తెస్తాం. మర్నాడు బూట్ల దుకాణానికి మేమే తీసుకువెళ్తాం.