సిల్వర్ ఓక్ నీడలో కాఫీ పెరిగితే అడవి తిరిగొచ్చినట్టేనా?

తూర్పుకొండ:
పాడేరు, అరకు వైపు పోడు (అడవి నరికి, కాల్చి చేసే సాగు) తగ్గి కాఫీ వచ్చాక బోడికొండలు పచ్చబడ్డాయి. మన్యంలో అడవి తిరిగొచ్చిందని కొందరి మాట. మీరేమంటారు?

జీలుగుచెట్టు:
నేను ఒప్పుకోనండి. చింతపల్లి దగ్గర ఒక తోటలో నిలబడి పైకి చూశాను. అన్నీ సిల్వర్ ఓక్‌లే. ఒకే వయసు, ఒకే ఎత్తు, ఒక్కోదానికి ఒక మిరియాల తీగ. కింద కాఫీ. మధ్యలో ఏమీ లేదు. గట్టు అవతల కాస్త పాత అడవి మిగిలింది. అక్కడ మద్ది, నేరేడు, పనస, జీలుగు, ఒక్కోటీ ఒక్కో ఎత్తులో. అడ్డతీగ ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టుకు పాకింది. నేల మీద కరక్కాయ, ఉసిరి మొలకలు.

ఆ మొలకలే నా బాధ. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు, దాని మీద నాకు కోపం లేదు. కానీ తోటలో కలుపు తీసేటప్పుడు నేరేడు మొలకైనా, గడ్డైనా కత్తికి ఒకటే. తోటలో మిగిలిన పాత పనస పడిపోయిన రోజున ఆ చోటుకి వారసుడు ఉండడు. అక్కడ మళ్లీ సిల్వర్ ఓకే నాటతారు. కొండ పచ్చగానే కనిపిస్తుంది, అడవి మాత్రం ఒక్కో చెట్టుగా పోతుంది.

కొండరైతు బిడ్డ:
అన్నా, మా నాన్న పోడు కొట్టిన కొండ మీరు చూడలేదు. సామలు, చోళ్లు నాలుగేళ్లు పండించి వదిలేస్తే వానకు మట్టంతా గెడ్డలోకి, అంటే వాగులోకి, పోయేది. 1960ల్లో అటవీ శాఖ కాఫీ మొదలెట్టాకే ఇటు దారి దొరికింది. సిల్వర్ ఓక్ తొందరగా నీడ ఇస్తుంది, నిటారుగా పెరుగుతుంది, అవసరానికి కలప. పూసినప్పుడు తేనెటీగలూ వస్తాయి. పనస ఎదిగేదాకా పిల్లల ఫీజులు ఆగుతాయా?

జీలుగుచెట్టు:
ఆగవు తమ్ముడూ. పోడు కంటే కాఫీ నయమే, కాఫీ పీకేయమని నేననను. కాఫీకి నీడ కావాలి, అది సిల్వర్ ఓక్ నీడే అవ్వక్కర్లేదు. కూర్గ్‌లో పాత తోటలు అడవి చెట్ల కిందే పెరిగాయి. మిరియం పనసకూ పాకుతుంది. కలుపుకి ముందు ఎకరానికి పది మొలకల పక్కన గుర్తుగా పుల్లలు పాతి, వాటిని కొట్టకుండా వదిలేస్తే చాలు. చింతపండు, కరక్కాయ ఎలాగూ జీసీసీ (గిరిజన సహకార సంస్థ) కొంటుంది.

కొండరైతు బిడ్డ:
పుల్లలు పాతుతాం, అది పెద్ద పని కాదు. కానీ మా ఊరికి వచ్చే నారు ఏటా సిల్వర్ ఓకే. పనస నారు, నేరేడు నారు అడిగితే లేదంటున్నారు. ముందు అది ఇప్పించండి, మేం నాటం అంటే అప్పుడు అడగండి.