ఉప్పుగాలి తిన్న పాత రాలీ ఫ్రేమ్: రంగు కొట్టించాలా, ఉన్నదే ఉంచాలా?

సీతమ్మధార సైకిల్:
మా మేనమామ మర్చంట్ నేవీలో చేసేవాడు. 1970ల చివర్లో ఇంగ్లండ్‌లో అక్కడి రాలీ కంపెనీ రోడ్ సైకిల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని ఓడలో వేసుకుని తెచ్చుకున్నాడు. పది గేర్లు, వంపు హ్యాండిల్. వైజాగ్‌లో పెద జాలారిపేట దగ్గర వాళ్లింటి వరండాలో పాతికేళ్లు గోడకి వేలాడి, పోయిన నెల నా చేతికొచ్చింది. ఆకుపచ్చ రంగు, లగ్గుల (గొట్టాలు కలిసే చోట తొడిగే స్టీలు జాయింట్ల) చుట్టూ బంగారు లైనింగ్, సీటు గొట్టం మీద సగం చిరిగిన రేనాల్డ్స్ 531 (ఫ్రేమ్ గొట్టాల స్టీలు రకం) స్టికర్. సీటు బోల్టు దగ్గర, బీబీ (బాటమ్ బ్రాకెట్, పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) అడుగున, చైన్ కొట్టుకునే చోట తుప్పు. ఇంట్లో వాళ్లేమో "శుభ్రంగా రంగు కొట్టించరాదూ" అంటున్నారు. నాతో పొద్దున్నే తొక్కడానికొచ్చే ఫ్రెండు "రంగు గీకావంటే నీతో మాట్లాడను" అంటున్నాడు. ఏం చేయమంటారు?

పాతసామాన్ల పిచ్చి:
మీ ఫ్రెండుదే కరెక్టు. గీకించకండి. 531 అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. చివర్లు మందంగా, మధ్యలో పలచగా ఉండే బటెడ్ గొట్టాలా, మొదటి నుంచీ చివరిదాకా ఒకే మందం ఉన్న ప్లెయిన్ గేజా, ఫోర్కు కూడా అదే స్టీలా అన్నది ఆ స్టికర్ మీదే రాసి ఉంటుంది. దాన్ని లేపేసి నెట్‌లో కొన్న కొత్తది అంటిస్తే రేపు ఎవరు నమ్ముతారు? తుప్పుకి ఆక్సాలిక్ యాసిడ్ చాలు. గోరువెచ్చటి నీళ్లలో కలిపి నానబెడితే రంగు జోలికి పెద్దగా పోకుండా తుప్పుని తినేస్తుంది. అది విషం, గ్లోవ్స్ వేసుకోండి. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, మైనం రుద్దండి.

కంచరపాలెం కుర్రాడు:
ఏటి గురూ, తొక్కుతారా, షోకేసులో పెడతారా? మైనం రుద్ది బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా ఒక్కసారి వెళ్లి రండి, తెలుస్తుంది. వైజాగ్‌లో ఆ స్టికర్ చూసి డబ్బులిచ్చేవాడు ఎవడున్నాడు? పౌడర్ కోటింగ్ వేయించండి, అంత తేలిగ్గా గీతలు కూడా పడవు.

సీతమ్మధార సైకిల్:
పౌడర్ వేసి ఓవెన్‌లో కాలుస్తారట కదా. లగ్గుల్లో మాటు ఊడిపోదా?

కంచరపాలెం కుర్రాడు:
ఓవెన్ వేడి 180, 200 డిగ్రీలు. ఇత్తడి మాటు కరగాలంటే 900 దరిదాపుల్లో ఉండాలి. వెండి మాటైనా 600 దాటాల్సిందే. ఆ టెన్షన్ అక్కర్లేదు.

ఎంవీపీ మూడో గేరు:
మాటు కరగదు, నిజమే. నేను అలాగే నమ్మి ఒక ఫ్రేమ్ ఇచ్చా. షాపువాడు గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే మనిషి. బీబీ మరలకి మూత పెట్టమంటే తలూపాడు. ఫ్రేమ్ ఇంటికొచ్చాక చూస్తే మరల నిండా పౌడర్. దానికంటే బాధేసింది లగ్గులు చూశాక. కత్తితో చెక్కినట్టుండే అంచులు, వేలితో తడిమితే ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు. అరిగిన సబ్బుబిళ్లలా అయిపోయాయి. పౌడర్ పొర మందం మరి.
ఇంకోటి, మరలు శుభ్రం చేయాల్సి వస్తే కొలవకుండా ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) దింపకండి. మామూలు బ్రిటిష్ సైజుకి అంగుళానికి 24 మరలు. రాలీ వాళ్ల నాటింగ్‌హామ్ ఫ్యాక్టరీ ఫ్రేముల్లో చాలావాటికి 26.

కంచరపాలెం కుర్రాడు:
అది షాపు తప్పు, పౌడర్ తప్పు కాదు.

డాక్‌యార్డ్ రిటైర్డ్:
బాబూ, మీరంతా పై రంగు గురించి కొట్టుకుంటున్నారు. ఓడలకి రంగు వేయించడంలోనే నా సర్వీసంతా గడిచింది, నా మాట కూడా వినండి. తుప్పు గుంటల్లో ఉప్పు దాక్కుంటుంది. కంటికి కనబడదు. దాని మీద ఎంత ఖరీదైన పెయింట్ వేసినా, ఆ ఉప్పు బయటి తేమని పెయింట్ గుండా లోపలికి లాక్కుంటుంది. కొన్నాళ్లకి బొబ్బలు లేస్తాయి. బొబ్బ గిల్లితే నీటిచుక్క, దాని కింద నల్లటి తుప్పు. అందుకే మేం బ్లాస్టింగ్‌కి (ఇసుకలాంటిది జోరుగా కొట్టి తుప్పు, రంగు లేపడానికి) ముందే మంచినీళ్లతో కడిగించేవాళ్లం.
గాలిలో తేమ 85 శాతం దాటితే డబ్బా మూత తీయనిచ్చేవాళ్లం కాదు. ఇనుము వేడి డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటిచుక్కలుగా పేరుకునే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. వానాకాలంలో మన ఊళ్లో ఇది కుదిరే పూటలు ఎన్నో మీరే చెప్పండి. బ్లాస్టింగ్ చేసిన ఇనుము ఇక్కడ సాయంత్రానికల్లా ఎర్రబడిపోతుంది, ప్రైమర్ అదే పూట పడాలి. ఇవన్నీ చూసే మనిషి దొరికితే రంగు వేయించండి. దొరక్కపోతే పాత రంగే మేలు.
అంతకంటే ముందు గొట్టాల లోపల చూడండి. బయట రంగు ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. ఆ గొట్టం మందం మిల్లీమీటరు కూడా ఉండదు. బీబీ విప్పండి. చైన్ వైపు మర ఎదురు తిరుగుతుంది, బలం ఉంది కదాని మామూలుగా తిప్పేయకండి.

పాతసామాన్ల పిచ్చి:
పెద్దాయన చెప్పింది ఒప్పుకుంటా. కానీ అందులో సగం నా వైపే ఉంది, గమనించారా?

డాక్‌యార్డ్ రిటైర్డ్:
నేను ఎవరి వైపూ కాదు. మీ ఆక్సాలిక్ కూడా సరిగ్గా కడక్కపోతే పసుపు పొర మిగులుస్తుంది.

సీతమ్మధార సైకిల్:
ఆదివారం విప్పాను. సీటు పోస్టు రాలేదు. అల్యూమినియం, స్టీలు కలిసి బిగుసుకుపోయాయి, దాని సంగతి తర్వాత. బీబీ మాత్రం వచ్చింది. ఫ్రేమ్ తిరగేసి తడితే చెంచాడు గోధుమరంగు పొడి రాలింది, వెనకాలే కందిరీగ కట్టిన మట్టి గూడు ముక్కలు. గూడు అంటుకున్న చోట తుప్పు మిగతా చోట్ల కంటే ఎక్కువుంది. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూశా, దిగలేదు. కాబట్టి ఫ్రేమ్ బతికే ఉంది.
మొత్తం గీకించను. స్టికర్, లైనింగ్ అలాగే ఉంచి, తుప్పున్న మూడు చోట్ల మాత్రం శుభ్రం చేసి ఎపాక్సీ ప్రైమర్, దాని మీద ఆకుపచ్చ వేద్దామనుకున్నా. లోపల అవిసె నూనె పోసి తిప్పుతా. ఇక్కడే కొత్త చిక్కొచ్చింది. గేర్ లివర్ల పట్టీ విప్పితే దాని కింద వేలెడు వెడల్పున వేరే ఆకుపచ్చ ఉంది. చింతచెట్టు ముదురాకు రంగు, మెరుస్తోంది. పైనంతా ఉన్నది దాని పక్కన వెలిసిపోయిన లుంగీలా ఉంది. ఏ ఆకుపచ్చకి మ్యాచ్ చేయించాలి?

పాతసామాన్ల పిచ్చి:
వెలిసినదానికే. లేకపోతే మూడు అతుకులూ బొట్టు పెట్టినట్టు కనిపిస్తాయి.

కంచరపాలెం కుర్రాడు:
పట్టీ కింద రంగుకే. మీ మామయ్య కొన్నది ఆ సైకిల్ని. ఫుల్ పెయింట్ వేయించి ఉంటే ఈ గోలే లేదు.

ఎంవీపీ మూడో గేరు:
బీబీ అడుగున ఎవరు చూస్తారండీ, అక్కడ ఏ రంగైనా ఒకటే. సీటు బోల్టు దగ్గర మాత్రం వెలిసిన రంగు వేయండి.

డాక్‌యార్డ్ రిటైర్డ్:
ఆ గూడు ఉన్న చోట మంచినీళ్లు పోసి కడిగారా లేదా? ముందు అది చెప్పండి.