అమ్మ తరవాణి కుండ పోయింది, ఆ పులుపు మళ్ళీ ఎలా తెప్పించాలి?

రాజాం అమ్మాయి:

మాది రాజాం దగ్గర పల్లె. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం. పోయిన మాఘంలో అమ్మ చనిపోయింది. అప్పట్నుంచీ నాన్న హైదరాబాద్‌లో మా దగ్గరే ఉంటున్నాడు. టిఫిన్లు ఆయనకి ఆనవు. ఇడ్లీ పెడితే తింటాడు, పది దాటకుండానే వంటింట్లోకి తొంగిచూస్తాడు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగి పొలానికెళ్ళిన మనిషి.

అంబలి కాచడం నాకు రాక కాదు. రాత్రి చోడిపిండి నీళ్ళలో కలిపి ఉంచుతాను. పొద్దున్న నూకలు ఉడికించి, అందులో ఆ పిండి పోసి, పచ్చివాసన పోయేదాకా తిప్పుతాను. నాన్న ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టి, "ఇది జావే గుంటా, అంబలి కాదు" అంటాడు. నిజమే, పులుపు లేదు. పెరుగు కలిపి ఇచ్చాను, నిమ్మకాయ పిండి ఇచ్చాను. ఒకదానికి మజ్జిగ అని, ఇంకోదానికి షర్బత్తు అని పేరు పెట్టాడు తప్ప రెండో గుక్క తాగలేదు.

అమ్మ అంబలికి పులుపంతా తరవాణి కుండలోంచి, అంటే గంజినీళ్ళు పులవబెట్టే కుండలోంచి వచ్చేది. వంటింటి మూల చుట్టకుదురు మీద ఉండేది. అందరూ తాగాక అడుగున గరిటెడు ఉంచేసి, దాని మీదే ఆ పూట వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు పోసి మూకుడు మూసేది. సాయంత్రం ఆ తేట వంచుకుని అందులో చోడిపిండి కలిపేది. కొలత అంటూ ఏమీ లేదు. చెయ్యి పెట్టి కలుపుతుంటే పిండి వేళ్ళ సందుల్లోంచి జారిపోవాలి, చెయ్యి పైకి తీస్తే మాత్రం అరచేతి గీతలు కనపడకూడదు. పొద్దున్న గోగుపుల్లల మంట మీద కాచేది. తెడ్డు ఎత్తి చూసేది. ధార తెగి తెగి పడితే దించేసేది, సాగుతూ ఉంటే ఇంకో చెంబుడు నీళ్ళు. ఈ పని జరుగుతున్నంతసేపూ కళ్ళు మాత్రం వీధి గుమ్మం వైపే ఉండేవి, ఎవరు ఎటు వెళ్తున్నారో అన్నీ ఆవిడకే కావాలి.

కర్మ రోజున ఇల్లు శుభ్రం చేస్తూ మట్టి కుండలన్నీ బయట పారేశారు. మా వైపు ఆనవాయితీ అది. వాటితో పాటే తరవాణి కుండా పోయింది. ఎవర్నీ అనడానికి లేదు. మా నాన్నమ్మ పోయినప్పుడు కూడా అలాగే తీసేసుంటారు, అమ్మ మళ్ళీ కొత్తగా మొదలుపెట్టే ఉంటుంది. ఎలా మొదలుపెట్టిందో నాన్నని అడిగితే, "ఆ మూలకి నన్నెప్పుడు రానిచ్చిందే మీ అమ్మ" అన్నాడు.

ఆ కుండ మీద ఆవిడకి అంత పట్టింపు. అడిగితే మాత్రం లేదనేది కాదు. 2014 అక్టోబర్లో హుద్‌హుద్ తుఫానుకి రోజుల తరబడి కరెంటు లేకపోతే, పక్కిళ్ళ వాళ్ళంతా గిన్నెలు పట్టుకుని మా వసారాలోనే ఉండేవారు.

నా ప్రశ్న ఒకటే. కొత్త కుండ కొని మొదలుపెడితే ఆ పులుపు వస్తుందా? ఫ్లాట్‌లో, ఇక్కడి కుళాయి నీళ్ళతో అవుతుందా?

కారప్పొడి:

ఇంత తిప్పలెందుకండీ? 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పట్నుంచీ సూపర్‌మార్కెట్ల నిండా రాగి మాల్ట్ డబ్బాలే. పాలు, బెల్లం వేసి ఇవ్వండి, కాల్షియం కూడా బోలెడు.

పేట అప్ప:

మాల్టు మాట వదిలెయ్ బాబూ. జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషికి పాలు, బెల్లం పోసిస్తే "నాకేటి జొరమొచ్చిందా" అని అడుగుతాడు.

చెల్లీ, ముందు ఇది చెప్పు, అన్నం కుక్కర్‌లో వండుతున్నావు కదూ? మరి గంజి ఎక్కడి నుంచి వస్తుంది? మా నరసన్నపేటలోనూ చాలా ఇళ్ళలో తరవాణి పోయింది అందుకే. వార్చడం మానేశాక కుండకి తిండి లేదు. రోజూ కాకపోయినా రెండ్రోజులకోసారి ఎసరు ఎక్కువ పెట్టి వార్చు.

కొత్త కుండైతే నీళ్ళలో బాగా నాననిచ్చి, ఒకసారి గంజి కాచి పారబొయ్యి, మట్టి వాసన పోతుంది. తర్వాత వార్చిన గంజి గోరువెచ్చగా అయ్యాక పొయ్యి. బియ్యం కడిగిన మొదటి నీళ్ళు పారేసి రెండోవి కలుపు. గుప్పెడు అన్నం వెయ్యి. దబ్బాకు దొరికితే రెండు తుంచి వెయ్యి, చిటికెడు వాము. పల్చటి గుడ్డ కట్టి ఉంచు. ఎండాకాలం రెండ్రోజుల్లో పులుస్తుంది, చలికాలం నాలుగైదు రోజులు ఓపిక పట్టాలి. ఉప్పు కుండలో వెయ్యకు, తాగేటప్పుడు వేసుకోవాలి. ఒకటి మాత్రం గుర్తుంచుకో, కుండని ఎప్పుడూ పూర్తిగా వంచెయ్యకు.

నంజుకోడానికి ఏమిస్తున్నావు? ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ సరే. కాల్చిన ఎండు నెత్తళ్ళు (చిన్న చేపలు) పెట్టి చూడు, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

నాగావళి గట్టు:

అప్ప చెప్పిన పద్ధతి సరైనదే. ఎందుకు పనిచేస్తుందో కూడా చెప్తాను, నేను పాఠం చెప్పేది ఇదే సబ్జెక్టు.

బియ్యంలో, చోళ్ళలో లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియా ఎంతో కొంత ఉంటుంది. మీరు మామూలు నీళ్ళలో కలిపితే ఒక్క రాత్రిలో అది పెరగడానికి టైం చాలదు. అమ్మగారు అడుగున ఉంచిన గరిటెడులో, కుండ మట్టి రంధ్రాల్లో అది ముందే దండిగా ఉంది కాబట్టి తెల్లారేసరికి పులిసేది. నిమ్మకాయలో ఉండేది సిట్రిక్ ఆమ్లం, ఆ పులుపు వేరే. నాన్నగారి నాలుక కరెక్టు.

కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, కాచి చల్లార్చి వాడండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ఏసీ గదిలో అసలు వద్దు. పుల్లటి వాసన మంచిదే. రంగు బూజు పట్టినా, కుళ్ళిన వాసన వచ్చినా మొహమాటపడకుండా అంతా పారబొయ్యండి.

అయితే కొత్తగా మొదలుపెట్టిన తరవాణి అమ్మగారి తరవాణిలా ఉంటుందని హామీ ఇవ్వలేను. ఏ కుండలో ఏ బాక్టీరియా పైచేయి అవుతుందో చెప్పలేం. అందుకే అడుగుతున్నా, హుద్‌హుద్ అప్పుడు గిన్నెలు పట్టుకొచ్చిన వాళ్ళు తాగడానికే తీసుకెళ్ళారా, తోడుకి కూడా తీసుకెళ్ళారా? తోడు పట్టుకెళ్ళి ఇప్పటిదాకా నడుపుతుంటే, మీ అమ్మగారి తరవాణి అక్కడ ఉన్నట్టే.

రాజాం అమ్మాయి:

సార్, ఈ ఆలోచన నాకు తట్టనే లేదు. మా పక్కింటి పిన్నికి ఫోన్ చేశాను. "తోడు మీ అమ్మే ఇచ్చింది కదే, మా కుండ చితికిపోతే. మావోడికి రోజూ ఇదే" అంది, అదేదో ఊరందరికీ తెలిసిన సంగతైనట్టు. పైగా మా అమ్మ మీద ఒక ఫిర్యాదు కూడా చెప్పింది. దబ్బాకు ఎక్కువ వేస్తుందట, అందుకని ఈవిడ మానేసిందట. నాన్న ఫోన్ లాక్కుని "మానీసినావేటి? ఎయ్యి, ఎయ్యి" అని అరిచాడు. నెత్తళ్ళు తెమ్మని కూడా అప్పుడే చెప్పాడు, అప్ప మాట నేను చదివి వినిపించాను లెండి.

ఎల్లుండి మా బాబాయి కొడుకు రాజాంలో రాత్రి బస్సెక్కుతున్నాడు. సీసాలో పోసి తెమ్మంటే చాలా? దారిలో పాడవదా?

నాగావళి గట్టు:

పాడవదు. కానీ గాలి పుడుతుంది, గాజు సీసా వద్దు. ప్లాస్టిక్ బాటిల్లో సగమే పొయ్యమనండి, మూత గట్టిగా బిగించొద్దని చెప్పండి. లేకపోతే తెల్లారేసరికి బస్సంతా తరవాణే.

పేట అప్ప:

బాటిల్‌తో పాటు ఇంకో పని కూడా చెయ్యమను. ఆ తరవాణిలో చోడిపిండి ముద్దగా కలిపి, రాత్రంతా పులవనిచ్చి, గుడ్డ మీద పల్చగా పరిచి నీడన ఆరబెట్టి, పొడిచేసి పొట్లం కట్టమను. ఎల్లుండికి ఆరకపోతే తర్వాత వచ్చేవాళ్ళతో పంపిస్తుంది. ఎప్పుడైనా నీ కుండ పాడైతే గోరువెచ్చటి గంజిలో ఆ పొడి రెండు చెంచాలు వేస్తే మళ్ళీ లేస్తుంది. దబ్బాకు హైదరాబాద్‌లో దొరక్కపోతే నాకు చెప్పు, మా పెరట్లో చెట్టుంది.