నిద్రలో పళ్లు కొరుకుతున్నాను, టెన్షన్ వల్లేనా?

మధురవాడ నుంచి:
నాకు 32 ఏళ్లు. ఇక్కడే ఒక కంపెనీలో ఉద్యోగం, వారానికోసారి షిఫ్ట్ మారుతుంది. రెండు నెలలుగా పొద్దున లేచేసరికి దవడలు పట్టేసి ఉంటున్నాయి, కణతల్లో నొప్పి, చెవిలో పోటు. డాక్టర్‌కి చూపిస్తే చెవి బాగానే ఉందన్నారు. రాత్రిళ్లు నేను పళ్లు కొరికే చప్పుడుకి మా ఆయనకి మెలకువ వచ్చేస్తోందట. అత్తయ్యగారు నులిపురుగులేమో అంటే మందు వేసుకున్నాను, తేడా ఏమీ లేదు. ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు, నా పేరు ఎప్పుడొస్తుందో అన్న భయంతోనే రోజులు గడుస్తున్నాయి. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా? కింది పన్ను ఒకటి అంచు విరిగింది కూడా.

గాజువాక నుంచి:
ఉంటుందమ్మా. నాకూ ఇలాగే అయింది, సి షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకునేవాణ్ని, ఆ ఏడాదే చెల్లి పెళ్లి అప్పులు. నొప్పి వచ్చేదాకా పట్టించుకోలేదు, చివరికి దవడ పన్ను చీలిపోయి తీయించుకోవాల్సి వచ్చింది. మీరు అంతదాకా ఆగొద్దు. మెలకువగా ఉండాలని టీ మీద టీ, సిగరెట్లు, ఆ రెండూ దీన్ని పెంచుతాయని డాక్టర్ చెప్పాకే తెలిసింది. టీ తొందరగానే తగ్గించాను, సిగరెట్ మానడానికి ఏడాది పట్టింది.

పళ్ల డాక్టర్‌ని, సీతమ్మధార:
నోరు చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ ఇది బ్రక్సిజం, అంటే తెలియకుండానే పళ్లు కొరకడం, బిగించడం, లాగే ఉంది. నిద్రలో మెదడు మధ్యమధ్య కొన్ని క్షణాలు సగం మెలకువకి వస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, ఆ వెంటనే దవడ కండరాలు బిగుసుకుంటాయి. మనసులో భయం ఉంటే నిద్ర పలచబడుతుంది, ఇలాంటివి ఎక్కువవుతాయి. అయితే టెన్షన్ ఒక్కటే కారణం అనుకోకండి. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్నా చూపించుకోవాలి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందుల వల్లా రావచ్చు, కానీ అవి వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపేయకూడదు, రాసిచ్చిన డాక్టర్‌తో మాట్లాడాలి. చిన్న పిల్లలు పళ్లు కొరకడం మామూలే, చాలామందికి పెరిగేకొద్దీ పోతుంది.

కొలత తీయించి నైట్ గార్డ్, అంటే పడుకునేటప్పుడు పళ్లకి పెట్టుకునే తొడుగు, చేయించుకోండి. అది కొరకడాన్ని ఆపదు, పళ్లు అరగకుండా కాపాడుతుంది, పంటి మీది గట్టి పొర ఎనామిల్ పోతే మళ్లీ పెరగదు కదా. అసలు పని పగలుంది. మెలకువగా ఉన్నప్పుడు కూడా మీకు తెలియకుండా దవడ బిగిస్తూ ఉంటారు. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్లు కింది పళ్లని తాకకూడదు. పెదవులు కలిసి, పళ్లు విడిగా, నాలుక కొన పై ముందుపళ్ల వెనక ఆనీ ఆనకుండా ఉండాలి.

ఎంవీపీ కాలనీ నుంచి:
డాక్టర్‌గారు చెప్పిన ఆ పగటి సంగతి నిజం. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర బండి ఆపిన ప్రతిసారీ దవడ చూసుకోవడం మొదలుపెట్టాను, దాదాపు ప్రతిసారీ బిగించే ఉండేదాన్ని. కంప్యూటర్ అంచున "పళ్లు విడిగా" అని కాగితం అంటించుకున్నాను. రాత్రి పడుకునే ముందు వేడినీళ్లలో పిండిన తువ్వాలు పది నిమిషాలు బుగ్గల మీద పెట్టుకుంటే హాయిగా ఉండేది. జంతికలు, చెరుకు ముక్కలు, చూయింగ్ గమ్ కొన్నాళ్లు మానేయండి అక్కా. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక వల్ల నాకు నిద్ర బాగుపడింది, అందరికీ అలాగే అవుతుందో లేదో తెలీదు.

మధురవాడ నుంచి:
మీ మాటలు చదువుతూనే చూసుకున్నాను, పళ్లు బిగించే ఉన్నాను. శనివారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. డాక్టర్‌గారూ, నైట్ షిఫ్ట్ వారంలో పగలు పడుకుంటాను, అప్పుడూ గార్డ్ పెట్టుకోవాలా?

పళ్ల డాక్టర్‌ని, సీతమ్మధార:
పెట్టుకోవాలమ్మా, ఎప్పుడు పడుకుంటే అప్పుడు. తీశాక బ్రష్‌తో చల్లటి నీళ్లలో కడగండి, వేడినీళ్లలో వేస్తే వంగిపోతుంది. విరిగిన పన్ను మాత్రం శనివారం తప్పకుండా చూపించండి.