సివిలైజేషన్ 6: ఒకసారి విఫలమైన దాడిని రెండోసారి ఎలా ప్లాన్ చేయాలి?

ప్రశ్న

నమస్కారం. ఐదుగురం కలిసి సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ వ్యూహ గేమ్ ఆడుతున్నాం. దాని అదనపు ప్యాక్‌లు రైజ్ అండ్ ఫాల్, గేదరింగ్ స్టార్మ్ రెండూ ఉన్నాయి. అందరి టర్నులూ ఒకేసారి నడుస్తాయి, టర్నుకు గడువు కూడా పెట్టుకున్నాం. తూర్పున ఉన్న పొరుగు ఆటగాడి నగరం మీదికి వెళ్లి దెబ్బతిని వచ్చాను. నాకు నాలుగు ఆర్చర్ (విలుకాళ్ల) దళాలు, మూడు వారియర్ (కాలిబంటు) దళాలు, రెండు కాటపల్టులు (రాళ్లు విసిరే యంత్రాలు) ఉన్నాయి. అవతల రెండు ఆర్చర్ దళాలు, ఒక స్పియర్‌మన్ (ఈటె దళం), నగరం చుట్టూ ఏన్షియంట్ వాల్స్ (ఆటలో మొదటి స్థాయి గోడ). అంతే. సంఖ్యలో నాదే పైచేయి. అయినా ఒక కాటపల్టు రాయి వేయకుండానే పోయింది, రెండోది ఒక్క రాయి వేసి పోయింది. నది దాటుతుండగా వారియర్లు ఒకటి తర్వాత ఒకటి కూలిపోయాయి. చేసేది లేక శాంతి ఒప్పందం చేసుకున్నాను. అది ముగియడానికి ఇంకా 9 టర్నులు ఉన్నాయి. ఈ 9 టర్నుల్లో ఏం చేస్తే రెండోసారి నగరం చేజిక్కుతుంది?

జవాబు

ముందు ఒక్కటి చెప్పండి. కాటపల్టులు నగరానికి రెండు గళ్ల (మ్యాప్ మీది ఆరు భుజాల గడుల) దూరంలోకి వచ్చి నిలబడిన టర్నులో మీ మిగతా సైన్యం ఎక్కడ ఉంది?

అడిగినవారు

కాటపల్టులు దక్షిణాన చదును నేల మీదుగా వచ్చాయి, అందుకే ముందే చేరాయి. ఆర్చర్లు కొండల దారిలో ఇంకా రెండు టర్నులు వెనక ఉన్నాయి. వారియర్లు నదికి ఇవతలి ఒడ్డున ఉన్నాయి.

జవాబు

మీ ఓటమి అక్కడే జరిగిపోయిందండీ. గోడ ఉన్న నగరం టర్నుకు ఒకసారి రెండు గళ్ల దూరం వరకు దెబ్బ వేయగలదు. దానికి ఆర్చర్లు తోడయ్యాయి. ఆ సమయంలో వాటికి గురిగా దొరికినవి మీ కాటపల్టులు మాత్రమే. కాటపల్టు కదలిక (టర్నుకు నడవగల దూరం) 2. కదిలిన టర్నులో అది రాయి వేయలేదు. అంటే గురికి అందే చోటికి చేరాక శత్రువు దెబ్బలన్నీ ఒక విడత భరించి బతికితేనే అది పనికొస్తుంది. ఆ విడతలో శత్రువుకు ఇంకో నాలుగు గురులు కూడా కనిపించాలి.

అందుకని ప్లాన్‌ను గోడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కించుకుంటూ రండి. మీ రాజధాని దగ్గర మొదలుపెట్టకండి. నగరం చుట్టూ సరిగ్గా రెండు గళ్ల దూరంలో 12 గళ్లు ఉంటాయి. ఒక్కొక్కదాని మీద మౌస్ పెట్టి చూడండి. పర్వతాలు, నీళ్లు తీసేయండి. నగరానికి, ఆ గడికి మధ్య అడవి గానీ కొండ గానీ అడ్డు ఉంటే చూపు ఆగిపోతుంది, రాయి వేయడం కుదరదు. ఆ గళ్లు కూడా తీసేయండి. సాధారణంగా 12లో మూడో నాలుగో మిగులుతాయి. కాటపల్టులు నిలబడవలసిన చోట్లు అవే. అక్కడ మ్యాప్ పిన్‌లు (గుర్తులు) గుచ్చండి. పిన్ మీకు మాత్రమే కనిపించేలా ఉందో లేదో తప్పకుండా చూసుకోండి, లేదంటే మీ ప్లాన్ మొత్తం ఎదుటివారి తెర మీద ఉంటుంది.

ఇప్పుడు ప్రతి దళానికీ దారి లెక్క వేయండి. చదును గడికి 1, కొండకు 2, అడవికి 2. ఈ ఆటలో గడిలోకి వెళ్లడానికి సరిపడా కదలిక మిగిలి ఉండాలి. ఒక చదును గడి దాటి 1 మిగిలితే, ముందున్న కొండ మీదికి ఆ టర్నులో ఎక్కలేరు, ఆ 1 వృథా. ఎనిమిది గళ్ల దారి పూర్తిగా చదునైతే 4 టర్నులు. అందులో మూడు కొండలు ఉంటే, వాటి వరుసను బట్టి 6 నుంచి 7. మీ ఆర్చర్లు వెనకబడింది ఇందుకే. కొండ దారిలో వెళ్లేవి ముందుగా బయలుదేరాలి, చదును దారిలో వెళ్లేవి ఆగి బయలుదేరాలి. కాగితం మీద ప్రతి దళం పేరు పక్కన అది ఏ టర్నులో కదలాలో రాసుకోండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ నేను గెలిచిన ముట్టడులన్నీ ఆ కాగితం మీదే గెలిచాను.

ఒప్పందం నడుస్తున్నంతసేపు వారి సరిహద్దు దాటలేరు కాబట్టి, చివరి రెండు మూడు గళ్లు యుద్ధం ప్రకటించాకే నడవాలి. అందరినీ సరిహద్దు అంచున బారుగా నిలబెట్టకండి. అవతల ఉన్నది మనిషి, చూడగానే అర్థం చేసుకుంటారు. ఒక టర్ను వెనక, కొండ చాటున ఉంచి చివర్లో ముందుకు తేండి.

మరో జవాబు

పై లెక్క అంతా సరైనదే. కానీ ఎదుట ఉన్నది ఏన్షియంట్ వాల్స్ అయితే నేను కాటపల్టుల మీద ఉత్పత్తి ఖర్చు చేయను. ఆ గోడ బలం 100 మాత్రమే. ఒక బ్యాటరింగ్ రామ్ (గోడను గుద్దే దూలం) నగరం పక్క గడిలో ఉంటే చాలు, మీ స్వోర్డ్స్‌మన్‌లు (కత్తి దళాలు), స్పియర్‌మన్‌లు గోడకు పూర్తి దెబ్బ వేస్తాయి. అది లేకపోతే వాటి దెబ్బలో చాలా కొద్ది భాగమే గోడకు తగులుతుంది. రామ్‌ను ఒంటరిగా పంపకండి, ఒక దళంతో ఒకే గడిలో నడిపించండి. గుర్రపు దళాలకు దాని సాయం అందదు.

ఒక్క హెచ్చరిక. గేదరింగ్ స్టార్మ్‌లో రామ్ ఏన్షియంట్ వాల్స్ మీదే పనిచేస్తుంది. ఈ 9 టర్నుల్లో మీ పొరుగు ఆటగాడు తర్వాతి స్థాయి గోడ అయిన మెడీవల్ వాల్స్ కట్టేస్తే మొదటి జవాబులోని కాటపల్టులే దిక్కు, లేదా సీజ్ టవర్ (గోడ దాటించే చక్రాల బురుజు). కాబట్టి ఎవరినైనా పంపి గోడ మీద కన్నేసి ఉంచండి.

వారియర్లను ఇప్పుడే కట్టి, ఐరన్ వర్కింగ్ సాంకేతికత రాగానే బంగారంతో స్వోర్డ్స్‌మన్‌లుగా మార్చండి. ప్రొఫెషనల్ ఆర్మీ అనే విధాన కార్డు పెడితే ఆ ఖర్చు సగమవుతుంది. ఇనుము నిల్వ చూసుకోండి. మార్పు మీ సరిహద్దు లోపలే జరుగుతుంది, బయలుదేరాక గుర్తొస్తే లాభం లేదు. సమాన బలాలు తలపడితే ఇద్దరికీ సుమారు 30 ప్రాణ పాయింట్ల చొప్పున నష్టం. మీ బలం 10 ఎక్కువైతే మీరు 45 దాకా కొడతారు, మీకు 20 తగులుతుంది. అంత తేడా ఉంటుంది.

నది గురించి: ఒడ్డు ఇవతల నుంచి కొడితే బలంలో 5 తగ్గుతుంది, దాటే దళానికి ఒక టర్ను పోతుంది. వీలైతే చుట్టూ తిరిగి ఉత్తరం నుంచి వెళ్లండి.

జవాబు

రామ్ మాట ఒప్పుకుంటాను, అయినా ఒక కాటపల్టును వెనక తెచ్చుకోమనే అంటాను. అలాగే ముట్టడి పూర్తి కావాలి. నగరం టర్నుకు 20 చొప్పున కోలుకుంటుంది. చుట్టూ ఉన్న ఆరు గళ్లూ మీ పట్టులో (దళం తన పక్క గళ్ల మీద చూపే అదుపు) ఉంటేనే అది ఆగుతుంది. ఎదురెదురుగా రెండు స్వోర్డ్స్‌మన్ దళాలు నిలబెడితే ఆరూ కలిసివస్తాయి, కానీ పట్టు నది దాటి వెళ్లదు, ఆ వైపు ఇంకొక దళం కావాలి. ఆర్చర్లకు ఈ పట్టు ఉండదు.

గోడ సంగతి వేరు, అది దానంతట అది కోలుకోదు. మూడు టర్నులు దెబ్బ తగలకుండా ఉంటేనే మరమ్మతు చేసుకోగలరు. ఒకవేళ వెనక్కి తగ్గవలసి వచ్చినా ఒక ఆర్చర్‌ను వదిలి అప్పుడప్పుడు ఒక బాణం వేయిస్తూ ఉండండి.

శత్రు నేల మీద గాయపడిన దళం కదలకుండా ఉన్నా టర్నుకు 5 మాత్రమే కోలుకుంటుంది. 60 పోగొట్టుకున్న దళానికి 12 టర్నులు. అదే ఒక పొలాన్ని దోచుకుంటే 50 వెంటనే తిరిగి వస్తుంది. అందుకే ముట్టడి మొదట్లోనే పొలాలన్నీ దోచేయకండి, గాయపడ్డవారి కోసం రెండు మిగల్చండి.

టర్నులు ఒకేసారి నడుస్తాయన్నారు కదా. గడువు ముగిసే చివరి క్షణాల్లో కదిలి, కొత్త టర్ను మొదలవగానే కొట్టడం ఇందులో సాధ్యమే. శత్రువుకు మధ్యలో ఆలోచించే వ్యవధి ఉండదు. నాకు ఇది నచ్చదు. మీ ఐదుగురూ దీన్ని ఒప్పుకుంటారో లేదో ముందే మాట్లాడుకోండి. స్నేహితులతో ఆడే ఆటలో నగరం కన్నా ఆ మాట ముఖ్యం.

అడిగినవారు

ఫలితం చెప్పడానికి వచ్చాను. 12 గళ్లలో నాకు మిగిలినవి మూడు, అవీ ఉత్తరానే. పోయినసారి నేను కాటపల్టు పెట్టిన ఒక గడి అసలు అడవి చాటున ఉంది! చివరి క్షణాల కదలికలు వద్దని అందరం అనుకున్నాం. ఉత్తరం నుంచి వెళ్లాను, ఆరు దళాలు ఒకే టర్నులో చేరాయి. రామ్‌తో గోడ రెండో టర్నుకే పడింది, ఐదో టర్నులో నగరం నాదైంది. ఇప్పుడు కొత్త చిక్కు. నగరం విధేయత (అది నా పాలనలో నిలిచే స్థాయి) టర్నుకు చాలా వేగంగా పడిపోతోంది.

మరో జవాబు

చుట్టుపక్కల 9 గళ్లలోపు ఉన్న ఆ పొరుగు ఆటగాడి నగరాల జనాభా ఒత్తిడి అది. గవర్నర్‌ను ఈ టర్నులోనే పంపండి, టర్నుకు 8 విధేయత వస్తుంది. విక్టర్ అనే గవర్నర్ ఉంటే ఆయనే మేలు, మిగతావారికి 5 టర్నులు పట్టే చోట 3 టర్నుల్లో కుదురుకుంటారు. ఒక దళాన్ని నగరం లోపల ఉంచి, మిగతా సైన్యంతో దగ్గరలోని రెండో నగరం మీదికి కదలండి. అది కూడా మీదైతే ఒత్తిడి తిరగబడుతుంది. దాని చుట్టూ 12 గళ్లు చూసుకున్నాకే కదలండి.